ఛాతీ నలభై

ముందుగదిలో మనిషి కూర్చునే చోటు లేకుండా పోయి చాలా రోజులైంది. సోఫా నిండా ప్యాంట్లు, సోఫా కింద చెప్పుల జతలు, కిటికీకి అడ్డంగా తెరల మూట, తలుపు వెనకాల ఒంటికన్ను బొమ్మలు. ఆ గందరగోళం మధ్య కుట్టుమిషను బల్ల మీద మోచేతులు ఆనించి, చేతిలోని ఫోను వంక కొరకొర చూస్తూ కూర్చుంది కత్తెరమ్మ. ఆ ఫోను గనక మనిషై ఉంటే ఈపాటికి లేచి పారిపోయి ఉండేది.

"ఉందా?" అని అడిగాడొకడు, బొమ్మ గురించి. "ఉంది" అని కొట్టింది. అంతే, మళ్ళీ వాడి పత్తా లేదు. ఇంకొకావిడ "ఆఖరు రేటు చెప్పండి" అంది, దేని రేటో చెప్పకుండా. మూడోవాడు మరీ ఘనుడు. "ప్యాంటు సంగతి అలా ఉంచండి, వెనకాల కనిపిస్తున్న సోఫా ఎంతకిస్తారు?" అన్నాడు.

"నీ మొహానికిస్తాను" అంది కత్తెరమ్మ పైకే. అది మాత్రం ఫోన్లో కొట్టలేదు. ఎవరేమన్నా మర్యాదగా జవాబివ్వాలని కూతురు పదేపదే చెప్పి కాలేజీకి వెళ్ళింది.

కత్తెరమ్మ అన్నది టైలరింగ్ షాపులో ఎవరో పెట్టిన పేరు. అక్కడ ఇరవై ఏళ్ళు కటింగ్ చేసింది. మనిషి గడప దాటి లోపలికి వస్తుండగానే భుజం ఎంతో, నడుం ఎంతో చెప్పేసేది. టేపు పెట్టి చూస్తే ఆమె చెప్పిందే తేలేది. ఆ విషయంలో ఆమెకి కాస్త గీర ఉండేది, ఉంటే తప్పేం లేదు, చేతనైన పని అది. యజమానికి వయసు మీద పడి షాపు ఎత్తేశాడు. ఆ చోటు ఫోన్ల కవర్లు అమ్మేవాళ్ళు తీసుకున్నారు. కటింగ్ బల్లని ఎవరూ కొనలేదు. రెండు ముక్కలుగా కోస్తేగానీ అది గుమ్మంలోంచి బయటికి రాలేదు. అది చూసి కత్తెరమ్మ ఏడవలేదు గానీ ఆ పూట ఇంటికొచ్చి అందరి మీదా విరుచుకుపడింది.

షాపు మూతపడ్డ వారంలోనే వదిన దిగింది. భర్తకి అక్క, ఊరి చివర బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చెడ్డమనిషి కాదు. ఎదుటివాళ్ళకి మంచి చెయ్యాలనుకుందంటే చేసి తీరేదాకా ఊపిరాడనివ్వదు, అదే వచ్చిన చిక్కు.

"కాలర్ల లైన్లో ఒక సీటు ఆపి పెట్టించానమ్మా నీకోసం" అంది వస్తూనే. "మేనేజర్ని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నెలనెలా జీతం, నీడపట్టున పని. ఇంకేం కావాలి?"

కాదనలేక ఒకరోజు వెళ్ళి చూసొచ్చింది కత్తెరమ్మ. ఆ చివర నుంచి ఈ చివర దాకా మిషన్లే. ఒకావిడ కాలరు ఎడమవైపు కుడుతుంది, పక్కావిడ కుడివైపు కుడుతుంది, ఆ పక్కావిడ తిరగేసి మూలలు పొడుస్తుంది. అది ఎవరి మెడకో, ఏ చొక్కాకో వాళ్ళకి అక్కర్లేదు. ఎవరూ తలెత్తలేదు. కత్తెరమ్మ నిలబడి చూస్తున్నంతసేపూ ఎడమవైపు కుట్టే ఆవిడ ఎడమవైపే కుడుతూ ఉంది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. తానులోంచి గుడ్డ తీసి, మనిషికి తగ్గట్టు కత్తిరించి, వేసుకుని అద్దంలో చూసుకునేదాకా దగ్గరుండే మనిషి ఆమె. ఆ సీట్లో కూర్చుంటే తనెవరో తనకే గుర్తుండదని భయం పట్టుకుంది.

అందుకే, ముందూ వెనకా చూసుకోకుండా, "నేను ఫోన్లో వ్యాపారం పెట్టుకుంటాను వదినా. పాత కోట్లు కొని, బాగుచేసి అమ్ముతాను" అనేసింది.

వదిన ఎగాదిగా చూసింది. "నెలాఖరు దాకా సీటు ఆపిస్తాను. అప్పటికి నీ వ్యాపారం నిలబడితే సంతోషం. లేదంటే మాత్రం ఇంక నాకేం చెప్పొద్దు, ఒకటో తారీఖు పొద్దున్నే గేటు దగ్గరుండాలి. సరేనా?"

సరేనంది. ఆ సరే ఏ ముహూర్తాన అందో గానీ అప్పటినుంచి ఆమెకి మనశ్శాంతి లేదు.

ఆమె అడిగినవి కాసిని కోట్లు. భర్త సిటీ బస్సు డ్రైవరు, అడిగితే కాదనడం తెలియని మనిషి. హోల్‌సేల్ గోడౌనుకి వెళ్ళి వ్యాన్లో తిరిగొచ్చాడు. వ్యాన్లోంచి మూటలు దిగుతూనే ఉన్నాయి.

"ఇవన్నీ ఏంటండీ?"

"విడిగా కోట్లు ఇవ్వనన్నాడే. మొత్తం లాటు తీసుకుంటే బాగా తగ్గిస్తానన్నాడు. అన్నీ ఉన్నాయిగా, అన్నీ అమ్ముదాం. ఏదో ఒకటి తగులుతుంది."

ఏదో ఒకటి తగలడమంటే ఏమిటో రాత్రిపూట బాత్రూంకి లేచి బొమ్మల మూట మీద బోర్లా పడ్డప్పుడు ఆయనకే తెలిసొచ్చింది.

కూతురు తక్కువ తినలేదు. తల్లి ఫోన్లో ఏకంగా ఐదు యాప్‌లు పెట్టింది. "ఎక్కువమంది చూస్తారమ్మా" అంది. ఎక్కువమంది చూశారో లేదో గానీ, ఐదింటికీ ఐదు పాస్‌వర్డులు. ఒకదానికి ఫొటో నలుపలకలుగా ఉండాలి, ఇంకోదానికి నిలువుగా ఉండాలి. ఒకటి కోటు వెడల్పు అడుగుతుంది, ఇంకోటి బరువు అడుగుతుంది, మరోటి "మీ బ్రాండు కథ చెప్పండి" అంటుంది. కథేంటి, గోడౌన్లో మూట కట్టి పడేశారు, మా ఆయన మోసుకొచ్చాడు, అదే కథ. ఇది చాలదన్నట్టు వీడియోలో ఒకడు రోజూ ప్రత్యక్షమయ్యేవాడు. చేతులు తిప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఇది మొదలుపెట్టడం చాలా తేలికని అరచేతిలో వైకుంఠం చూపించేవాడు. ఆ నవ్వు చూస్తే కత్తెరమ్మకి ఒళ్ళు మండిపోయేది. అయినా చూసేది. వాడు చెప్పిందల్లా చేసేది. పొద్దున్నే చెప్పులకి ఫొటోలు, చెప్పులవి పూర్తికాకుండానే తెరలకి ఇస్త్రీ, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు బొమ్మల గురించి ఎవరికో జవాబు. సాయంత్రానికి చూస్తే ఏ పనీ సగం దాటేది కాదు. నడుం మాత్రం విరిగేది.

ఆ గొడవలో ఆమెకి కాస్త ఊపిరి పోసినవి కోట్లే. చిరుగు కనబడకుండా అల్లేది, ఊడిన లైనింగు మార్చేది, గుండీలు సరిచూసేది. కోటు బల్ల మీద ఉన్నంతసేపూ విసుగన్నది తెలిసేది కాదు. టేపు తీసి కొలిచి, ఫొటో కింద రాసేది: ఛాతీ నలభై, భుజం ఇంత, చెయ్యి పొడవు ఇంత. అది రాసేటప్పుడు మాత్రం ఎవర్నీ అడగాల్సిన పని లేదు ఆమెకి.

కోట్లు అమ్ముడుపోయాయి. అదీ ఒకటి రెండు కాదు, ఒక యాప్‌లో వరసగా. ఒక నీలం కోటు, ఒక గళ్ళ కోటు, ఇంకేవో. కూతురు గంతులేసింది. భర్త పార్సిళ్ళ మీద టేపు అంటిస్తూ కూనిరాగం తీశాడు. "చూశావా, నేను చెప్పలేదూ?" అన్నాడు. ఆయన ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి. కత్తెరమ్మ మాత్రం వదినకి ఫోను చేసి, మాటల మధ్యలో ఏమీ ఎరగనట్టు, "కోట్లు బానే పోతున్నాయి వదినా" అంది. ఆ పూట ఆమెకి నిజంగా సంతోషంగా ఉంది.

మొదటి కోటు తిరిగొచ్చినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కారణం దగ్గర "పెద్దదిగా ఉంది" అని రాసి ఉంది. కొంతమందికి తమ ఒళ్ళు తమకే తెలియదు, షాపులో ఎంతమందిని చూడలేదు. రెండోది వచ్చింది. పెద్దదిగా ఉంది. మూడోదీ అంతే. పార్సిల్ ఆయనకి ఈ ఇంటి నుంచి తీసుకెళ్ళే పని కంటే తెచ్చిచ్చే పనే ఎక్కువైంది. గుమ్మంలో నిలబడి, మొహమాటంగా, "మళ్ళీ వచ్చిందమ్మా" అనేవాడు, తప్పంతా తనదే అయినట్టు.

"పెద్దదా? ఏం పెద్ద? నేను కొలిచి రాశాను!" అని ఆయన మీదే అరిచింది ఒకరోజు. ఆయన సంతకం పెట్టించుకుని మెల్లిగా మెట్లు దిగిపోయాడు. తర్వాత చాలాసేపు సిగ్గుగా అనిపించింది ఆమెకి.

భర్త ఉండబట్టలేక అడిగాడు. "పోనీ ఓసారి మళ్ళీ కొలిచి చూడకూడదూ?"

"నాకు కొలతలు నేర్పిస్తారా మీరు? బస్సెలా నడపాలో నేను మీకు చెప్తున్నానా?"

"చెప్తూనే ఉంటావుగా" అని గొణిగాడాయన.

ఆ మాటకి కత్తెరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. జనమంతా మోసగాళ్ళంది. ఒక పెళ్ళికో పార్టీకో వేసుకుని వెనక్కి పంపుతున్నారంది. మూటలు తెచ్చి ఇల్లు గోడౌను చేశారంది. ఐదు యాప్‌లు పెట్టి తన నెత్తిన కూర్చోబెట్టావని కూతుర్నీ అంది. నోటికొచ్చిందల్లా అని, చివరికి గళ్ళ కోటు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పార్సిళ్ళు వెనక్కొస్తున్నందుకు కాదు ఆ ఏడుపు. ఏది పోయినా కొలత ఒక్కటీ తనని వదలదనుకుంది. అదే తప్పంటున్నారు అందరూ.

మర్నాడు యాప్ నుంచి హెచ్చరిక వచ్చింది. మీ దగ్గర కొన్నవి ఎక్కువగా వెనక్కి వస్తున్నాయి, ఇలాగే ఉంటే మీ ఖాతా ఆపేస్తాం అని. నెలాఖరు దగ్గరికొచ్చేసింది. రెండుసార్లు చదివి ఫోను బోర్లా పెట్టింది.

అది పెట్టగానే మోగింది. ఎవరో పెద్దావిడ గొంతు.

"నీలం కోటు తీసుకున్నానమ్మా మీ దగ్గర. కోటుకి వంక పెట్టడానికి లేదు. అతుకు ఎక్కడేశారో కళ్ళజోడు పెట్టుకుని వెతికినా కనబళ్ళేదు. కానీ మా ఆయన అందులో నిండాలంటే ఇంకో మనిషి తోడు కావాలి."

కత్తెరమ్మ పళ్ళు బిగించి, మర్యాద గుర్తు చేసుకుని అడిగింది. "ఆయన్ని సరిగ్గా కొలిచారా అండీ? చంకల కింద నుంచి, ఛాతీ మీదుగా, టేపు చుట్టూ తిప్పి?"

"ఆయన్నెందుకు కొలుస్తానమ్మా? ఆయనకి తెలీకుండా కొందామని కదా! బీరువాలో ఆయన పాత కోటుంది, ఒంటికి అతికినట్టుంటుంది. దాన్ని మంచం మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంక దాకా కొలిచి, దానికి రెట్టింపు వేసుకున్నా. నలభై వచ్చింది. మీరూ నలభై అనే రాశారు."

"నేను రాసింది మనిషికండీ, కోటుకి కాదు. నలభై ఉన్న మనిషికి సరిపోతుందని."

"మనిషెక్కడున్నాడమ్మా అక్కడ?" అంది పెద్దావిడ, కోపం లేకుండానే. "ఫొటోలో ఉన్నది కోటే కదా!"

కత్తెరమ్మ బల్ల మీదున్న గళ్ళ కోటు వంక చూసింది.

కోటెప్పుడూ మనిషి కంటే పెద్దగానే ఉంటుంది. లోపల చొక్కా ఉండాలి, ఊపిరి తీసుకోవాలి, చెయ్యెత్తాలి. ఆ వదులు ఎంత ఇవ్వాలో తెలియడమే కటింగ్. ఇరవై ఏళ్ళూ ఆమె టేపు మనుషుల చుట్టూనే తిరిగింది. షాపు పుస్తకంలో రాసిందల్లా మనుషుల కొలతలే. అలవాటు చొప్పున ఈ కోట్లని కూడా కొలిచి, వదులు తీసేసి, లోపల లేని మనిషి కొలత రాసింది. నలభై నాలుగున్న కోటుకి ఛాతీ నలభై అని రాసింది. కొనేవాళ్ళు అందరూ ఈ పెద్దావిడలాగే ఇంట్లో ఉన్న కోటుని పరిచి కొలుచుకున్నారు. ఎవరూ మోసం చెయ్యలేదు. ఎవరికీ ఒళ్ళు తెలియకా కాదు.

పెద్దావిడ ఇంకా లైన్లోనే ఉంది. "ఏమ్మా, ఉన్నారా?"

"ఉన్నానండీ. పప్పులో కాలేశాను" అంది కత్తెరమ్మ. "కోటు వెనక్కి పంపెయ్యండి. తప్పు నాదే."

ఫోను పెట్టేసింది. ఎవరో ఒకరి మీద అరవాలని ఉంది. అరవడానికి ఎవరూ మిగల్లేదు. సాయంత్రం కూతురు రాగానే విషయమంతా చెప్పి, ఎదురు మాట కోసం కాచుకుంది. ఆ పిల్ల భుజానున్న బ్యాగు కింద పెట్టింది. పక్కన చేరి తల్లి భుజం మీద తల ఆనించింది. అంతలో ఫోను టింగుమంది. ఖాతా ఆపేశారు. పరిశీలించి ఎప్పుడు తెరిచేదీ తెలియజేస్తారట.

"మిగతా నాలుగూ ఉన్నాయి కదమ్మా" అంది కూతురు.

"అవి తీసెయ్యి."

"నాలుగూనా?"

"నాలుగూ. అక్కడ అందరూ సోఫా అడిగేవాళ్ళే. కోట్ల కోసం వచ్చినవాళ్ళు దీన్లోనే ఉన్నారు. దీన్ని తెరిచేదాకా ఆగుదాం. అన్నీ నెత్తినేసుకుంటే నాకు ఏదీ సరిగ్గా కనబడ్డం లేదే."

భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి మూటలన్నీ కట్టి గుమ్మం దగ్గర ఉన్నాయి. ప్యాంట్లు, చెప్పులు, తెరలు, బొమ్మలు. గోడౌనువాడు సగం కూడా ఇవ్వడని ఆయన మొత్తుకున్నాడు. ఇచ్చిందే తీసుకోమంది. ఆయన మొహం మాడ్చుకునే మోసుకెళ్ళాడు గానీ, తిరిగొచ్చి సోఫాలో కాళ్ళు చాపి కూర్చున్నప్పుడు మాత్రం "అబ్బా" అన్నాడు ప్రాణం లేచొచ్చినట్టు.

తర్వాత ఆమె కోట్లు ఒక్కొక్కటే బల్ల మీద పరిచి కొలవడం మొదలుపెట్టింది. చంక నుంచి చంకకి. ఆ పని ఆమెకి అస్సలు నచ్చలేదు. ఇన్నేళ్ళూ టేపు పట్టుకుంటే ఎదురుగా ఒకరు ఊపిరి బిగబట్టి నిలబడేవారు, కాస్త పొట్ట లోపలికి లాక్కునేవారు, ఆమె నవ్వేది. ఇక్కడ కోటు చచ్చినట్టు పడుంది. చేతులు మొరాయించాయి. పాత లెక్కే మళ్ళీ మళ్ళీ బుర్రలోకి వచ్చింది, వదులు దానంతటదే తగ్గిపోయింది. విసుక్కుంటూ కొట్టేసి, మళ్ళీ పరిచి, మళ్ళీ కొలిచింది. ప్రతి కోటు కిందా రాసింది: "ఇది కోటు కొలత. మీకు సరిపోయే కోటుని ఇలాగే పరిచి కొలుచుకోండి. అనుమానముంటే అడగండి." రాసినవి పెట్టడానికి యాప్ తెరుచుకోదు. అయినా రాసింది.

నెలాఖరు రోజు, ఆదివారం మధ్యాహ్నం వదిన వచ్చింది. గుమ్మంలోనే ఆగి, ఖాళీ అయిన గది చూసి మొహం విప్పార్చుకుంది.

"అన్నీ అమ్మేశావా?"

"లేదు వదినా. వెనక్కిచ్చేశాం. కోట్లు కూడా చాలామటుకు తిరిగొచ్చాయి. నేనే తప్పు రాశాను. ఖాతా ఆపేశారు." ఒక్క గుక్కలో చెప్పేసింది కత్తెరమ్మ.

వదిన ఎగతాళి చేసి ఉంటే తేలికగా ఉండేది. నిజంగానే బాధపడింది ఆవిడ. వచ్చి సోఫాలో కూర్చుని, "పోన్లే, చేసి చూశావు. ఎంతమంది ఆ మాత్రం చేస్తారు?" అంది. "రేపు ఏడింటికల్లా గేటు దగ్గరుండు. మొదటిరోజు నేను పక్కనే ఉంటాన్లే."

భర్త కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కూతురు తల్లి వంక చూసింది.

"నేను రాను వదినా."

"రాననడానికి ఇంక ఏం మిగిలిందమ్మా నీకు? ఆ ఫోను కూడా మూసేశారంటున్నావు! నీకోసం మేనేజర్ కాళ్ళావేళ్ళా పడ్డాను. రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నాకు తెలుసు వదినా. మీరు నాకోసం చేశారు. నాకు భయంగానే ఉంది. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. వాళ్ళు తెరుస్తారో తెరవరో తెలీదు, తెరిచినా మళ్ళీ ఏం తప్పు చేస్తానో తెలీదు. రోజూ ఏడుపొస్తోంది. కానీ ఆ లైన్లో కూర్చుంటే కొన్నాళ్ళకి నాకు ఏడుపు కూడా రాదు. ఏమీ ఉండదు."

అనేశాక నాలుక కరుచుకుంది. సూపర్‌వైజరు కాకముందు వదిన ఏళ్ళ తరబడి కుట్టింది ఆ లైన్లోనే.

"టీ పెట్టనా అక్కా?" అన్నాడు భర్త.

"మొదట్లో నాకూ వచ్చేది ఏడుపు" అంది వదిన, పక్కనున్న కోటు చేతిని ఊరికే సవరిస్తూ. "బాత్రూంలోకెళ్ళి ఏడ్చేసి, మొహం కడుక్కుని వచ్చి కూర్చునేదాన్ని. తర్వాత్తర్వాత అదే ఆగిపోయింది. గట్టిపడ్డాననుకున్నాను."

బ్యాగులోంచి ఫోను తీసింది. ఎవరికి చేస్తోందో కత్తెరమ్మకి అర్థమైంది. రేపు తప్పకుండా వస్తుందని ఖాయం చేసేస్తోందనుకుంది, కాదని ఎలా ఆపాలో తోచలేదు.

"సార్, ఆ కాలర్ల సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. మా మరదలు రాదు."

అటునుంచి మేనేజరు ఏదో గట్టిగానే అంటున్నాడు. వింటూ వింటూ వదిన మొహం ఎర్రబడింది.

"ఇంట్లో ఊరికే కూర్చోవడానికి కాదు సార్" అంది గొంతు పెంచి. "ఆవిడకి పనుంది."